గిడుగు రామమూర్తి పంతులుగారి సవర భాషాసేవ

ఏటేట ఆగస్టు 29వ తేదీ వచ్చుసరికి తెలుగువారు ఏ దేశముననున్నను గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారిని తలంచుకొందురు. ఆ దినము వారి జన్మదినము. తెలుగు భాషా దినోత్సవమును ఆనాడే జరుపుకొనుట మనకు ఆచారమైనది. పంతులుగారి పేరు చెప్పగానే గ్రాంథిక వ్యావహారిక వివాదమే ఎల్లరకు స్ఫురించును. వాడుకభాషకై జీవితమును ధారవోసిన మహనీయుని గూర్చి ఇట్టి ఫక్కిలో వ్రాయుట చూచి పాఠకులు నవ్వుకొన్నను నవ్వుకొనవచ్చును. పంతులుగారే ఈ పుటను చూచియుండినచో దీనిపై ఎన్ని గీతలు గీసియుందురో! అయినను నేను చెప్పదలచినది ఆ వివాదమును గూర్చి కాదు.

వారి జీవితమున మరియొక కార్యము కలదు. అది వ్యావహారికోద్యమమునకు ముందు ప్రారంభమై, ఆ ఉద్యమపు గలభాలో మరుగున పడినది. కొండలలో నివసించు సవరల భాషను నేర్చి, దానికి వ్యాకరణమును, నిఘంటువును రచించి, ఆ జాతి పిల్లలకు బడులు పెట్టించిన కథ యది. భవానీపూరు ప్రాంతమున కాపురములుండి కేంద్ర ప్రభుత్వ కార్యాలయములలో పనిచేయు మన తెలుగు కుటుంబములకు ఈ కథ ప్రత్యేకముగా వినదగినదని నా నమ్మకము. మనలో జనగణన శాఖవారు గలరు, సర్వే శాఖలవారు గలరు, మ్యూజియములలో పనిచేయువారు గలరు. ఇతరులను ప్రశ్నలడిగి సమాధానములను పత్రములకెక్కించుట మన ఉద్యోగములలో నొక భాగము. అట్లు అడుగువానికిని, సమాధానము చెప్పువానికిని నడుమ ఉండవలసిన మర్యాద యేదియను ప్రశ్నకు పంతులుగారి నడవడియే ఒక సమాధానము.

హౌరాలో మద్రాసు బండి యెక్కి మన ఊళ్లకు పోవునప్పుడు బరంపురము, ఇచ్ఛాపురము, పలాస దాటిన పిదప నౌపడ అను జంక్షను వచ్చును. అచ్చట చీలిన కొమ్మలైను పర్లాకిమిడి మీదుగా గుణుపురము చేరును. పర్లాకిమిడి వరకు ఆ సంస్థానాధిపతి 1900లో వేయించిన చిన్నలైను అది. మన కాలమున, 2011లో, పెద్దలైనుగా మారినది. బండి కిటికీ నుండి పడమటి దిక్కున కన్పించు మహేంద్రగిరి వరుసకు అవతల నుండునదే సవరల సీమ. నేడది కొంత ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాలలోను, కొంత మన శ్రీకాకుళము, పార్వతీపురం మన్యం జిల్లాలలోను చేరియున్నది.

రామమూర్తి పంతులుగారు 1863లో శ్రీముఖలింగ క్షేత్రమునకు సమీపమున గల పర్వతాలపేటలో జన్మించిరి. తండ్రి వీర్రాజుగారు పర్లాకిమిడి సంస్థానమున రెవెన్యూ ఉద్యోగి; తల్లి వెంకమ్మగారు. 1875లో తండ్రి గతించుటతో బాలుడు విజయనగరమున బంధువుల యింట నుండి మహారాజావారి పాఠశాలలో చదువవలసి వచ్చెను. అచ్చట సహపాఠి గురజాడ అప్పారావుగారు. 1879లో మెట్రిక్యులేషన్ నెగ్గి, మరుసటి యేడు ముప్పది రూపాయల జీతముపై పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో మొదటి ఫారమునకు చరిత్ర చెప్పు ఉపాధ్యాయులైరి. ఉద్యోగము చేయుచునే ప్రైవేటుగా చదివి పట్టభద్రులై కళాశాల తరగతులకును పాఠములు చెప్పిరి. ముఖలింగ దేవాలయ శాసనములను స్వయముగా చదివి పూర్వ కళింగ చరిత్రమును శోధించిరి. శాసన పరిశోధనతోనే తృప్తిపడియుండినచో గౌరవనీయులైన చరిత్రకారులుగా మిగిలియుండెడివారు. రాళ్లు ఎదురు చెప్పవు. రాతిని చదువువాడు రాతికి అప్పుపడడు. మనుష్యుని భాషను తీసికొనువాని సంగతి వేరు.

పర్లాకిమిడి సంతకు కొండలనుండి దిగివచ్చు సవరలను పట్టణవాసులందరును చూచుచునే యుండిరి. వారి మాట ఎవరికిని తెలియదు, తెలిసికొనవలెనన్న తలంపును లేదు. సవర తెచ్చిన చింతపండునకు, అడ్డాకులకు వెల కట్టువాడు వర్తకుడు. లెక్క వ్రాయువాడును వర్తకుడే. ఆ లెక్క సరియో కాదో చూచుకొనుటకు సవరకు అక్షరము లేదు. పిల్లవానిని బడికి పంపినను అచ్చటి పాఠము తెలుగులోనో ఒరియాలోనో ఉండును. వీరికి వీరి భాషలోనే చదువు చెప్పవలెనను కోరిక యువకుడైన ఆ ఉపాధ్యాయునికి కలిగినది. ఈ వరుసను గమనింపవలెను. ముందు పరిశోధన చేసి, పిమ్మట మిగిలిన తీరికతో ఉపకారము చేయుదమని కాదు. ఉపకారము చేయుటకు భాష కావలసివచ్చినది, భాషకొరకు పరిశోధన పుట్టినది.

ఆ కాలమున కొండజాతుల పరిశోధన యనిన ఎట్లుండెడిదో కలకత్తా వాసులమైన మనకు తెలియవలసియున్నది. ఏలయన దాని ముఖ్యస్థానములలో మన నగరమొకటి. రిజ్లీదొర ఇచ్చటినుండియే వంగదేశపు కులములను, జాతులను గూర్చిన బృహద్గ్రంథమును 1891లో వెలువరించెను. ముక్కు పొడవును వెడల్పును కొలిచి, ఆ నిష్పత్తితో మనుష్యుల పుట్టుకను, అంతస్తును నిర్ణయింపవచ్చునని ఆయన నమ్మకము. దక్షిణమున మద్రాసు మ్యూజియము అధిపతి థర్‌స్టన్‌దొర కొలతపనిముట్లను వెంటబెట్టుకొని గ్రామములు, అడవులు తిరిగెను. ఆయన తన గ్రంథపీఠికలో తానే చెప్పుకొన్న సంగతి యొకటి వినుడు. వయనాడులో పణియ స్త్రీలు ఆయనను చూచి పారిపోయిరట. తమలో చక్కనివారిని ఏరి, లోపల పీచు కూరి, మ్యూజియములో నిలబెట్టుటకు వచ్చినాడని వారి భయము. మరియొకడు ఎత్తు కొలుచు కంబమును చూచి ఉరికంబమనుకొని దరికి రానేలేదట. దొర దీనిని వినోదముగా వ్రాసెను. నాకు మాత్రము నవ్వు రాలేదు. ఆ స్త్రీల ఊహ తప్పే గాని వారి భయము తప్పు కాదు. ఎందులకు కొలుచుచున్నారో వారికెవరును చెప్పలేదు. కొలతలు ఎచ్చటికి పోవునో తెలియదు. వలదను మాటకు అచ్చట విలువ లేదు.

పంతులుగారు కొలబద్దతో బయలుదేరలేదు. తెలుగును సవరను రెండును తెలిసిన ఒక సవరను తమ యింటికి పిలుచుకొనివచ్చి, ఇంటనే ఉంచుకొని, ఆయన వద్ద అక్షరాభ్యాసము చేయు బాలునివలె సవరభాషను నేర్చుకొనిరి. నియోగి బ్రాహ్మణ కుటుంబములో, పందొమ్మిదవ శతాబ్దపు చివరి దినములలో, పర్లాకిమిడి వంటి సంస్థాన పట్టణమున ఇది సామాన్య విషయము కాదు. మనవారు ఆ సవరను ద్విభాషి యనియో సహాయకుడనియో చెప్పి సరిపెట్టుదురు. అక్షరములు నేర్పినవానిని మనము గురువనుచున్నప్పుడు, అక్షరమే లేని భాషను నోటితో నేర్పినవానిని ఏమనవలెను? కళాశాలలో వందలమందికి చరిత్ర చెప్పిన పంతులుగారు ఆ భాష విషయమున కడపటివరకు శిష్యులే.

ఇంట నేర్చిన భాష చాలదని కొండలకు పోయిరి. సవరల గూడెములకు పలుమారులు వెళ్లి, వారి పాటలను, కథలను విని వ్రాసికొనిరి. ఆ వినుటలో ఎంత శ్రమ కలదో భాష స్వరూపమును కొంచెము చెప్పిన గాని తెలియదు. సవర మన తెలుగు కుటుంబమునకు చెందినది కాదు. ముండా, సంతాలు భాషలకు చుట్టము. పదాంతమున గొంతును చటుక్కున బిగించి పలుకు ధ్వనులు అందు కలవు. తెలుగు చెవికి అవి పట్టుబడవు. మరియొక విచిత్రమేమన, ఆ భాషలో క్రియ తన కర్మను తనలోనే కలుపుకొనును. మాంసము తినుట, చెట్టు నరకుట వంటి మాటలు రెండు పదములుగా కాక ఒక్కపదమై, దానికే కర్తయు కాలమును అంటుకొని, ఒక్క మాటయే సంపూర్ణ వాక్యమగును. నాగరికత లేనివారిదని చదువుకొన్నవారు తీసివేసిన భాషలో ఇంతటి నిర్మాణమున్నదని ముప్పదియైదేండ్ల కృషితో లోకమునకు చూపినవారు పంతులుగారు.

ఆ కొండల జలము, దోమలు పంతులుగారిని విడువలేదు. మన్యపుజ్వరము వారిని పట్టి పీడించెను. దానికి మందు క్వినైను. ఎడతెగక సేవించిన ఆ క్వినైను వలన జ్వరము తగ్గినను వినికిడి పోయెను. ధ్వనులను వినుటయే వృత్తిగా గల భాషాశాస్త్రజ్ఞునికి ఇంతకంటె నష్టమేమి యుండును! మన దేశమున గాని పరదేశముల గాని ఇట్టి పరిశోధనలలో జరుగు కష్టనష్టములు సాధారణముగా ఎవరిని గూర్చి పరిశోధింతురో వారి నెత్తిన పడును. కీర్తి మాత్రము పరిశోధకునికి దక్కును. ఇచ్చట నష్టము పరిశోధకుడే భరించెను. చెవుడు వచ్చిన తరువాతను ఆయన పని ఆగలేదు.

నేర్చినది తమ బీరువాలో దాచుకొనలేదు. సవరభాషలో వాచకములు వ్రాసిరి. విన్న పాటలను, కథలను తెలుగు లిపిలో పుస్తకములుగా కూర్చిరి. సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టించి, ఉపాధ్యాయులకు జీతములు తామే యిచ్చిరి. ముప్పది రూపాయలతో జీవితము ప్రారంభించిన గృహస్థునికి ఇది ఎంత బరువో నెల చివర జీతపురాళ్లు లెక్కపెట్టుకొను మనకు వేరుగా చెప్పనక్కరలేదు. ఈ పుస్తకములను చూచి మద్రాసు ప్రభుత్వమువారు పారితోషికమీయబూనిరి. పంతులుగారు దానిని పుచ్చుకొనలేదు. ఆ ధనముతో సవరలకు ఒక మంచి బడి పెట్టి, దానిని చక్కగా నడపుడని ప్రభుత్వమునకు సలహా చెప్పిరి. ఆ పుస్తకములలోని సొత్తు సవరలది. ప్రతిఫలము వారికే చేరవలెనని వారి భావము కాబోలు. నేడు లోకమంతటను పరిశోధన నీతిని గూర్చి వ్రాయబడిన నియమావళులలో ఫలములో పాలు పంచుట యనునది ఒక ప్రకరణము. పంతులుగారి నాటికి అట్టి నియమావళి లేదు, అడుగు సంఘము లేదు, సంతకము చేయవలసిన పత్రమును లేదు.

ప్రభుత్వము 1913లో బిరుదమిచ్చి గౌరవించినది. అంతకు రెండేండ్ల ముందే వారు ఉద్యోగమునుండి విరమించిరి. ఆ తరువాతి కాలమంతయు వ్యావహారికోద్యమపు సభలతో, వాదములతో, పత్రికావ్యాసములతో నిండిపోయినది. అది అందరెరిగిన చరిత్రయే కనుక దానిని విడిచెదను. అక్షరము లేని సవరల నోట సజీవమైన భాషను విన్న చెవియే తెలుగు రైతు నోటి మాటలోను అందమును వినగలిగినదని మాత్రము అనకుండ ఉండలేను.

1931లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయమున వారి సవర వ్యాకరణము ఆంగ్లమున అచ్చయ్యెను. ఆ గ్రంథపు పేరునే చూడుడు. మనము సవరలందుము, వారు తమను తాము సోర అని చెప్పుకొందురు. పంతులుగారు గ్రంథనామమున సోర అను మాటను ముందుంచి, ధ్వని దీర్ఘములతో సహా వారు పలికినట్లే అచ్చొత్తించి, మనము పెట్టిన పేరును కుండలీకరణములలో దాని వెనుక నిలిపిరి. ఒక జాతిని ఆ జాతి తన్ను పిలుచుకొను పేరుతో పిలుచుట చిన్న మర్యాదయే. 1931 నాటికి దానిని పాటించినవారు కొద్దిమంది. 1938లో సవర ఆంగ్ల నిఘంటువు వెలువడినది. ఆ యేడే ఆంధ్ర విశ్వవిద్యాలయము కళాప్రపూర్ణ బిరుదముతో వారిని సత్కరించినది.

మన భవానీపూరు వాస్తవ్యులైన ఆశుతోష ముఖర్జీగారు పంతులుగారికంటె ఒక్క యేడు చిన్నవారు. నేడు ఆయన పేర నున్న వీధిలో మనము ప్రతిదినము ట్రాముదారి వెంట నడచినవారమే. ఆయన పూనికతో 1920 ప్రాంతమున కలకత్తా విశ్వవిద్యాలయమున మానవశాస్త్రమునకు ఉన్నతవిద్యా శాఖ యేర్పడినది. దేశమున అట్టివానిలో అదియే మొదటిది. ఆ శాఖలో శిక్షణ పొందినవారు పిమ్మట దేశపు నలుమూలల ఆదివాసులలోనికి పోయిరి. 1945లో స్థాపితమైన భారత మానవశాస్త్ర సర్వేక్షణ సంస్థయు కొలది యేండ్లకే కలకత్తా చేరినది. పంతులుగారికి విశ్వవిద్యాలయపు అండ లేదు, సంస్థ లేదు, యాత్రాభత్యము లేదు. ఇది గొప్పగా చెప్పుటకు కాదు, సంస్థలు కావలసినవే. కాని సంస్థ యున్నచోట పత్రము బలపడి మనుష్యుడు మరుగుపడు ప్రమాదమున్నది. దీనికి దూరపు ఉదాహరణ మొకటి, దగ్గరి ఉదాహరణ మొకటి చెప్పెదను.

అమెరికాలో ఆరిజోనా రాష్ట్రపు మహాలోయలో హవసూపాయి అను ఆదిమజాతి కలదు. 1990 నుండి ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు వారి రక్తమును తీసికొనిరి. మధుమేహమునకు కారణము తెలిసికొనుటకని వారికి చెప్పిరి. అదే రక్తముపై వారికి తెలియకుండ మనోవ్యాధులను గూర్చియు, ఆ జాతి ఎచ్చటినుండి వలసవచ్చినదను విషయమును గూర్చియు పరిశోధనలు జరిగెను. తాము ఆ లోయలోనే పుట్టినవారమని వారి విశ్వాసము. వ్యాజ్యము నడచి 2010లో ఏడు లక్షల డాలర్ల పరిహారముతో రాజీ కుదిరినది. మిగిలిన రక్తమును విశ్వవిద్యాలయము తిరిగి యిచ్చివేసినది. తమ పెద్దల రక్తమును తిరిగి తెచ్చుకొనుటకు ఆ జాతివారు స్వయముగా వెళ్లిరి.

రెండవది మన తెలుగునేల మీదిదే. 2009లో ఖమ్మము జిల్లాలో గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరును నివారించు టీకాను గూర్చిన అధ్యయనమొకటి ప్రారంభమైనది. టీకా వేయించుకొన్న వేలకొలది బాలికలలో ఆశ్రమ పాఠశాలల గిరిజన బాలికలు పెక్కురు. కొందరు బాలికలు మరణించుటతో 2010లో అధ్యయనము నిలిపివేయబడినది. ఆ మరణములకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. కాని తల్లిదండ్రులు చేయవలసిన అంగీకార పత్రములపై 2,700కు పైగా హాస్టలు వార్డెనుల సంతకములున్నవని బయటపడినది. 2013లో పార్లమెంటు స్థాయీసంఘము దీనిని తీవ్రముగా ఖండించినది. టీకా మంచిదే కావచ్చును. కూతురి చేతికి సూది గ్రుచ్చుటకు ముందు కొండమీది తల్లిని ఆమె భాషలో ఒక మాట అడుగుటకు ఎవరికిని తీరిక లేకపోయినది. పత్రము తెలుగులోనో ఆంగ్లములోనో అచ్చయియుండును. గడి నిండినది, పని జరిగినది. పంతులుగారు ఏండ్ల తరబడి శ్రమించి ఒక భాషను నేర్చినది ఇట్టి ఒక్క మాట అడుగుటకును, దానికి వచ్చు జవాబును వినుటకును.

ఇట్లని పంతులుగారి కృషిలో ఆలోచింపవలసినది లేకపోలేదు. వారి పుస్తకములను అచ్చువేసినది పరాయి ప్రభుత్వము. కొండజాతులను పాలించుటకు వారి భాష తెలియుట ఆ ప్రభుత్వమునకును అవసరమే. సవరకు తెలుగు లిపి యిచ్చినవారు పంతులుగారు. లిపి కావలెనా, ఏ లిపి కావలెనని నిర్ణయింపవలసినవారు సవరలు. వారు ఆ నిర్ణయమును తమంత తామే చేసిరి. 1936లో మాంగేయి గొమాంగో అను సవర పెద్ద తన భాషకు సొరంగ్ సొంపెంగ్ అను స్వతంత్రమైన లిపిని వెలువరించెను. ఒడిశా కొండలలో ఆ లిపిని ఆరాధించు సవరలు నేటికిని గలరు. ఆ అక్షరములు ఇప్పుడు కంప్యూటరులోనికిని వచ్చినవి. క్రైస్తవ మిషనరీల వద్ద చదివినవారు రోమను లిపిని పట్టిరి. ఆంధ్రదేశమున తెలుగు లిపి నిలిచినది.

అదే 1936 సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ప్రత్యేకముగా ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినది. దీనిని సహింపలేక పంతులుగారు, అప్పటికి డెబ్బదిరెండేండ్లవారు, అరువది యేండ్లకు దగ్గరగా నివసించిన పట్టణమును ఆనాడే విడిచి రాజమహేంద్రవరమునకు తరలివచ్చిరి. తమ తెలుగుపై మమకారముతో పర్లాకిమిడిని విడిచిన ఆయనకు తమ సవరలను కూడ విడువవలసివచ్చినది. ఆ రెండు ప్రేమలలో ఏది యెక్కువ బాధించినదో మనమెట్లు చెప్పగలము? నిఘంటువు పని మాత్రము రాజమహేంద్రవరమునను సాగి, రెండేండ్లకు అచ్చు ముగిసినది.

1940 జనవరి 22వ తేదీన రామమూర్తి పంతులుగారు మద్రాసులో దివంగతులైరి. కుమారులు గిడుగు వేంకట సీతాపతిగారు బాల్యమునుండియు తండ్రితోపాటు సవరను అభ్యసించినవారు. 1969లో తాము గతించువరకు ఆ భాషపై పనిని విడువలేదు. 2004 ప్రాంతమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గిరిజన బాలబాలికలకు తొలి తరగతులలో మాతృభాషయందే చదువు చెప్పవలెనని ఎనిమిది భాషలలో వాచకములు తయారు చేయించినది. అందు సవర యొకటి. శ్రీకాకుళపు కొండలలో చిన్నపిల్లల చేతికి వచ్చిన ఆ పుస్తకములు తెలుగు అక్షరములలోనే యుండెను.